కంపాస్ జరిపే ముందు

నాయనా,

నిన్న నువ్వు ఫోన్లో చెప్పిన మాట రాత్రంతా నా బుర్రలో తిరుగుతానే ఉంది. చేపల జాడ చూపించే కొత్త ఫిష్ ఫైండర్‌ని స్టీరింగ్ ఎదురుగా బిగించాలి, అందుకని కంపాస్‌ని ఎడమ పక్కకి జరుపుతున్నా అన్నావు. డ్రిల్లింగ్ మిషన్ కూడా తెచ్చిపెట్టుకున్నావట. జరుపు, నేను వద్దనను. కానీ రంధ్రం పెట్టడం ఈ పనిలో చిట్టచివర రావాలి. వేట నిషేధం జూన్ 14 దాకా ఉంది కదా, తొందరేముంది?

నేను చేసిన తప్పు నీకెప్పుడూ చెప్పలేదు. నీ వయసులో నేనూ కంపాస్‌ని ఇలాగే జరిపాను. చూడ్డానికి నీటుగా కుదిరింది. దాని ముందు, ప్లైవుడ్ పలక వెనకాల, రేడియో స్పీకర్ ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు. స్పీకర్‌లో ఉండేది అయస్కాంతమే కదా. అప్పుడు కార్తీక మాసం. దుగరాజపట్నం నుంచి తూర్పుకి, అంటే కంపాస్‌లో 90 డిగ్రీల మీద పట్టి పన్నెండు మైళ్లు పోయాం, వలలు లాగి పడమరకి, 270 మీద తిరిగొచ్చాం. ఒకటే వాన, ఏమీ కనపడలేదు. కాస్త తెరిపిచ్చాక చూస్తే, ఎదురుగా ఉండాల్సిన ఆర్మగాన్ లైట్‌హౌస్ కుడిచేతి పక్క ఎక్కడో దూరంగా మెరుస్తా ఉంది. నాలుగు మైళ్లు దక్షిణానికి కొట్టుకుపోయాం. ఆ నెలల్లో నీళ్లు మన ఒడ్డు వెంబడి దక్షిణానికే లాగుతాయి కాబట్టి తప్పంతా నీళ్ల మీదకి నెట్టేశాను. అలా రెండు వారాలు తిరిగాను. బోట్లో ఐదుగురు మనుషులు, ముందు ఇసుక మేట. ఇప్పుడు తల్చుకున్నా కడుపులో దేవుతుంది.

అసలు జరిగింది ఏందంటే, ముందున్న స్పీకర్ ముల్లుని ఎప్పుడూ బోటు మూతి వైపే లాగతా ఉంటుంది. తూర్పుకి పోయేటప్పుడు ముల్లు తూర్పుకి, పడమరకి తిరిగితే పడమరకి. పది డిగ్రీలు లాగిందనుకో, 90 మీద పట్టినప్పుడు నిజంగా పోయేది 100 మీద, 270 మీద పట్టినప్పుడు నిజంగా వచ్చేది 260 మీద. రెండు దారులూ దక్షిణానికే. పోయేటప్పటి తప్పు వచ్చేటప్పుడు సరిపోతుందిలే అనుకుంటారు. సరిపోదు, ఒకదాని మీద ఒకటి చేరుతుంది. ఉత్తరానికి పోతే మాత్రం ముల్లు సరిగ్గానే ఉంటుంది. అందుకే ఒక్క దిక్కు చూసి కంపాస్ బాగుందని ఎవరన్నా అంటే నమ్మొద్దు.

కాబట్టి ముందు కంపాస్‌ని పాత చోటు నుంచి విప్పి చేత్తో పట్టుకో. కొత్త చోట గాలిలోనే నెమ్మదిగా అటూ ఇటూ, పైకీ కిందకీ జరుపు. బోటు కదలకుండా ఉన్నప్పుడు ఎక్కడ డయల్ తిరిగితే అక్కడ ఏదో ఉన్నట్టే. తర్వాత ఇంజిన్ వేసి, లైట్లు, పంపు, వీహెచ్ఎఫ్ రేడియో, ఆ ఫిష్ ఫైండర్ ఒక్కొక్కటీ వేస్తా ఆపుతా చూడు. స్టీరింగ్ ఈ చివర్నుంచి ఆ చివరకి తిప్పు, దాంట్లో ఇనుము ఉంటే ముల్లు కూడా కదులుతుంది. జేబులో సెల్‌ఫోన్ తీసి దూరంగా పెట్టు.

మొన్న కొర్లగుంటలో మన మేడ మీద పాత కంపాస్ తీసి చూశాను. తిరుమల కొండ ఉత్తరాన కళ్లెదుటే ఉంది కదా, తప్పు ఇట్టే తెలుస్తుంది. కింద స్లాబ్ మీద, పిల్లర్ పక్కన పెడితే ముల్లు చువ్వల వైపు వాలింది. నడుం ఎత్తుకి లేపితే కొండ వైపు తిరిగింది. చిన్న అయస్కాంతం సంగతి అంతే, దూరం రెట్టింపు చేస్తే దాని లాగుడు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. నాలుగు వేళ్లు జరిపినా లాభమే.

వైర్ల సంగతి వేరు. పది ఆంపియర్లు పోయే ఒంటి వైరు కంపాస్‌కి బెత్తెడు దూరంలో ఉంటే ఇరవై డిగ్రీల పైనే తిప్పగలదు. ప్లస్, మైనస్ వైర్లు రెండూ కలిపి జడలా మెలిపెట్టు, ఒకదాని ప్రభావం ఇంకోటి కొట్టేస్తుంది. కంపాస్ లోపలి బల్బు వైరుకి కూడా ఇదే చెయ్యి. స్క్రూలు ఇత్తడివే వాడు. స్టీలు అని అమ్మేవాటిని ముందు అయస్కాంతానికి తాకించి చూడు.

బిగించేటప్పుడు మూతి నుంచి వెనక దాకా నడిమధ్యన దారం కట్టు. కంపాస్ పక్కకి ఉన్నా పర్వాలేదు, దిక్కు చదవడానికి దాని ముందు వైపు ఉండే గీత మాత్రం దారానికి సమంగా పోవాలి. గీత వంకరైతే అన్ని దిక్కుల్లోనూ ఒకే తప్పు చూపిస్తుంది, స్క్రూలు వదులు చేసి తిప్పితే పోతుంది.

ఇంక అసలు పరీక్ష నీళ్లలో. గాలి లేని తెల్లారుజామున ఒక తేలుడు బుడ్డికి బరువు కట్టి వదులు, బరువు నేలకి తగలకుండా వేలాడాలి. అక్కణ్ణుంచి కంపాస్ 90 మీద పట్టి ఐదు నిమిషాలు పో. వెనక్కి తిరిగి మూతి సరిగ్గా బుడ్డికి పెట్టి కంపాస్ చూడు. 270 ఉంటే బాగున్నట్టు. 290 ఉందనుకో, తేడా ఇరవై. అందులో సగం, పది, నీ కంపాస్ తప్పు. కంపాస్‌కి ఉండే తూర్పు-పడమర సర్దే మరని ఇత్తడి స్క్రూడ్రైవర్‌తో తిప్పి ఆ పదీ తీసెయ్, 280కి తెచ్చి ఆపు. మళ్లీ వెళ్లి చూడు. తర్వాత ఉత్తరం-దక్షిణం ఇదే వరస. నీళ్లు లాగుతాయని భయం వద్దు, బుడ్డిని కూడా అవే నీళ్లు లాగుతాయి. ఈ పనికి జీపీఎస్‌ని నమ్ముకోవద్దు. అది బోటు ఎటు జరిగిందో చెబుతుంది గానీ మూతి ఎటుందో చెప్పదు.

మిగిలిన తప్పుని ఎనిమిది దిక్కులకీ చూసి అట్టముక్క మీద రాసి కంపాస్ పక్కన అంటించు. పాత రంధ్రాలు రెజిన్‌తో పూడ్చేయ్.

జూన్లో బోటు దించే రోజు ముందే చెప్పు, వాకాడు బస్సెక్కి వస్తాను. ఇత్తడి స్క్రూడ్రైవర్ కొనకు, నా దగ్గరుంది.

మీ పెద్దనాన్న
తిరుపతి