చలి మొదలవగానే వెలిగే ఆ పసుపు లైటు

అక్టోబరు దాటిందంటే కొత్తగా అమెరికా వచ్చిన కుర్రాళ్ల నుంచి నాకు ఇదే ఫోను: "అన్నా, పొద్దున కారు స్టార్ట్ చేస్తే డ్యాష్‌బోర్డు మీద గుర్రపు నాడా మధ్యలో ఆశ్చర్యార్థకం పెట్టినట్టు ఏదో లైటు వెలిగింది. ఆఫీసు చేరేలోపు అదే ఆరిపోయింది. సెన్సర్ పోయిందంటావా?"

పోలేదు. టైర్లలో గాలి తగ్గిందని చెప్పే లైటు అది. అబద్ధం చెప్పడం కూడా లేదు. నా మొదటి చలికాలంలో నేనూ సెన్సర్ మీదే అనుమానపడి ఒక షాపుకి పరిగెత్తాను. కౌంటర్ వెనకాయన టైర్ల వంకైనా చూడకుండా నాలుగు సెన్సర్లూ మార్చాలన్నాడు. ఆలోచించుకుని చెప్తానని బయటికొస్తే, పక్క కారు పెద్దాయన జేబులోంచి పెన్నులాంటి గేజ్ తీసి టైర్లలో గాలి కొలిచాడు. నాలుగింటిలోనూ 28 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని ఇక్కడ అందులోనే కొలుస్తారు). అదీ నడిచొచ్చిన వేడి మీద. ఉండాల్సింది 35.

ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడితే టైర్లో సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. సెప్టెంబరులో 80 డిగ్రీల ఎండలో 35 కొట్టించారనుకోండి. డిసెంబరులో 20 డిగ్రీల తెల్లవారుజామున అందులో 6 తగ్గి 29. ఏ లోపమూ లేని టైరు కూడా నెలకి 1 దాకా వదిలేస్తుంది కాబట్టి మూడు నెలలకి ఇంకో 3. మిగిలింది 26. లైటు వెలిగేదీ సరిగ్గా అక్కడే. 2000 నాటి ట్రెడ్ అనే అమెరికా వాహన భద్రతా చట్టం తర్వాత వచ్చిన రూలు ప్రకారం 2008 మోడల్ నుంచి ఇక్కడి కొత్త కార్లన్నిటికీ ఈ లైటు తప్పనిసరి. కానీ గాలి 25 శాతం తగ్గాక చెప్పినా రూలుకి సరిపోతుంది. కాస్త దూరం నడిపితే టైరు వేడెక్కి, గాలి పెరిగి, లైటు ఆరుతుంది. మనం హమ్మయ్య అనుకుంటాం.

అందుకే ముందు ఒక గేజ్ కొనుక్కోండి. మూడు గంటలైనా ఆగి ఉన్న కారుకి, చల్లటి టైర్ల మీద కొలవండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు గోడ మీద ఉండేది గరిష్ఠ పరిమితి, అది చూసి గాలి కొట్టించకండి. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

గ్యాస్ స్టేషన్‌కి వెళ్లేసరికి టైరు వేడెక్కి అంకె మారుతుంది కదా? ఇంటి దగ్గర 28 ఉంటే 7 తక్కువని గుర్తుపెట్టుకోండి. అక్కడ 31 చూపిస్తే 38 దాకా కొట్టండి. చల్లారాక 35కే వస్తుంది. కొన్ని కార్లలో గాలి కొట్టాక రీసెట్ బటన్ కూడా నొక్కాలి, మాన్యువల్ చూసుకోండి.

చలి నాలుగు టైర్లనీ ఒకేలా దించుతుంది. మూడు 29లో ఉండి ఒకటి 22 చూపిస్తే వాతావరణాన్ని తిట్టుకోకండి, మేకు కోసం వెతకండి.

స్టార్ట్ చేయగానే లైటు ఒక నిమిషం పైన మిణుకుమిణుకుమని, తర్వాత అలాగే నిలిచిపోతే మాత్రం గాలి సంగతి కాదు, సిస్టంలోనే లోపం. సెన్సర్ బ్యాటరీలు 5 నుంచి 10 ఏళ్లు వస్తాయి. మనవాళ్లు కొనే పాత కార్లలో అవి అయిపోవడం మామూలే. సెన్సర్ లేని స్టెప్నీ వేసినా ఇలాగే మెరుస్తుంది. షాపుకి వెళ్లాల్సింది అప్పుడు.

ఎండలు మొదలయ్యాక ఇంకోసారి కొలవండి. 20 డిగ్రీల చలిలో నింపిన 35, 80 డిగ్రీలకి 41 అవుతుంది. చాలా కార్లలో గాలి ఎక్కువైతే ఆ లైటు వెలగదు.