షేల్ గ్యాస్‌ను నమ్ముకుని పెట్రోలియం ఇంజినీరింగ్‌లో చేర్పించవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. కేజీ (కృష్ణా–గోదావరి) బేసిన్‌లో షేల్ గ్యాస్ బోలెడంత ఉందని, అది తీయడం మొదలైతే మన వైపు ఉద్యోగాలే ఉద్యోగాలని, పెట్రోలియం ఇంజినీరింగ్ తప్ప ఇంకేదీ వద్దని పట్టుబట్టాడు. నాలుగేళ్లు చదివించాక ఉద్యోగం వస్తుందా?
– ఓ తండ్రి, కందుకూరు

జవాబు: పెట్రోలియం ఇంజినీరింగ్ నిక్షేపంగా చదివించండి. కానీ షేల్ గ్యాస్ వస్తుందన్న లెక్కతో మాత్రం వద్దు. ఆ రెంటినీ మీ అబ్బాయి ఒకటే అనుకుంటున్నాడు.

షేల్ అంటే బురద గట్టిపడి ఏర్పడిన పొరల రాయి, అందులో ఇరుక్కున్న గ్యాసే షేల్ గ్యాస్. ‘బోలెడంత’ అన్న మాట ఎక్కడిదో ముందు చూద్దాం. అమెరికా ఇంధన సమాచార సంస్థ ఈఐఏ 2013 అంచనా ప్రకారం కేజీ బేసిన్ షేల్ పొరల్లో 381 టీసీఎఫ్ గ్యాస్ ఉంది. ఒక టీసీఎఫ్ అంటే లక్ష కోట్ల ఘనపుటడుగులు. అందులో సాంకేతికంగా తీయగలిగింది 57 మాత్రమే, అంటే వందకు 15 వంతులు. ఇక అదే దేశపు భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ 2011లో వేసిన అంచనాలో కేజీ, కావేరి, గుజరాత్ వైపు కాంబే బేసిన్లు మూడూ కలిపినా తీయగలిగేది సుమారు 6.1 టీసీఎఫే. ఇంత తేడా ఎందుకంటే, షేల్‌లోకి బావులు తవ్వి ఎక్కువ కాలం ఉత్పత్తి చేసి చూసిన అనుభవం ఇక్కడ లేదు. పొర మందం, అందులోని సేంద్రియ కార్బన్, గ్యాస్‌లో ఎన్నో వంతు బయటికొస్తుందన్నది, అన్నీ ఊహించి వేసిన లెక్కలే. పోలెండ్‌లో 2011లో 187 టీసీఎఫ్ అన్నారు. మరుసటి ఏడాదే అక్కడి భూగర్భ సంస్థ దాన్ని దాదాపు పదో వంతుకు దించింది. ఎక్సాన్‌మొబిల్ 2012లో, షెవ్రాన్ 2015లో అక్కడ అన్వేషణ మానుకున్నాయి.

పైగా తీయగలగడం వేరు, తీస్తే గిట్టుబాటు కావడం వేరు. షేల్ బావిని రెండు మూడు కిలోమీటర్లు కిందికి తవ్వి, అక్కడినుంచి అడ్డంగా మరో కిలోమీటరో రెండో తిప్పి, నీళ్లూ ఇసుకా భారీ ఒత్తిడితో పంపి రాయిని పగలగొట్టాలి. ఒక్కో బావికి కోటి నుంచి రెండు కోట్ల లీటర్ల నీళ్లు మామూలే. పదివేల లీటర్ల ట్యాంకర్లలో వెయ్యి నుంచి రెండు వేల ట్యాంకర్లు. కనిగిరి వైపు తాగునీటికే పడే తిప్పలు తెలిసినవాళ్లకు ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు. అంతా చేశాక తొలి ఏడాదిలోనే ఉత్పత్తి 60–70 శాతం పడిపోతుంది. అందుకని వరసగా కొత్త బావులు తవ్వుతూనే ఉండాలి. అమెరికాలో చాలాచోట్ల భూమి కిందిది కూడా రైతుదే కాబట్టి రాయల్టీ కోసం తవ్వనిస్తాడు. మన దగ్గర అది ప్రభుత్వానిది, రైతుకు పై నేలకు పరిహారమే. 2013లో షేల్ విధానం వచ్చింది, 2018లో నిబంధనలు ఇంకా సడలించారు. అయినా వాణిజ్య స్థాయిలో ఉత్పత్తి లేదు.

ఇక మన ప్రాంతం సంగతి. కేజీలో ఎక్కువగా చెప్పుకునే కొమ్ముగూడెం, రాఘవాపురం పొరలు గోదావరి వైపువి. మార్కాపురం పలక కూడా ఒకప్పటి షేలే, కాకపోతే భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ పలకగా మారిపోయింది. షేల్ లాంటి రాయి ఉన్నచోటల్లా గ్యాస్ ఉండదు. ఇంటి దగ్గరే ఉద్యోగమన్న ఆశ పెట్టుకోవద్దు. ఈ రంగంలో సముద్రంలోని రిగ్గు మీద 14 రోజుల పని, 14 రోజుల సెలవు ఉండే ఉద్యోగాలు మామూలే. అది మీ ఇంట్లో అందరికీ సమ్మతమేనా అని ఇప్పుడే మాట్లాడుకోండి.

చదువు విషయానికొస్తే, జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే విశాఖలోని పెట్రోలియం విద్యాసంస్థ ఐఐపీఈ, ధన్‌బాద్ ఐఐటీ ఐఎస్ఎం, ఉత్తరప్రదేశ్‌లోని జాయిస్‌లో ఉన్న పెట్రోలియం విద్యాసంస్థ ఆర్‌జీఐపీటీ చూడండి. ఈఏపీసెట్ అయితే కాకినాడ జేఎన్‌టీయూ. ప్రైవేటు కాలేజీ అయితే ఫీజు కట్టే ముందు గత మూడేళ్లలో డ్రిల్లింగ్, ప్రొడక్షన్ కంపెనీల్లో చేరినవాళ్ల ఆఫర్ లెటర్లు చూపించమనండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు కూడా కలిపి చెప్పే ‘ప్లేస్‌మెంట్ శాతం’ మీకు పనికిరాదు. లెటర్లు చూపించలేకపోతే మంచి ప్రభుత్వ కాలేజీలో మెకానికలో కెమికలో తీసుకోవడమే నయం. ఓఎన్‌జీసీ డ్రిల్లింగ్ పోస్టులకు మెకానికల్ వాళ్లనూ, ప్రొడక్షన్ పోస్టులకు కెమికల్ వాళ్లనూ తీసుకుంటూ వస్తోంది. షేల్ కదలకపోయినా ఆ డిగ్రీలకు ఎరువులు, రిఫైనరీలు, ఇంటింటికీ గ్యాస్ పైపులైన్లు, బయోగ్యాస్ అన్నీ ఉన్నాయి. కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లిలో 2025లో శంకుస్థాపన చేసిన రిలయన్స్ సీబీజీ (కంప్రెస్డ్ బయోగ్యాస్) ప్లాంటు అలాంటిదే. రాళ్ల మీదే మనసుంటే బీఎస్సీ జియాలజీ, తర్వాత ఐఐటీ జామ్ ప్రవేశ పరీక్షతో ఎమ్మెస్సీ, ఆపైన గేట్.

మీవాడికి ఈ పని నచ్చుతుందో లేదో తెలియాలంటే ఒక లెక్క ఇవ్వండి. బావి మొదట రోజుకు లక్ష ఘనపు మీటర్లు ఇస్తుంది. ఏడాది చివరికి 35 వేలు, రెండో ఏడాది చివరికి 23 వేలు, మూడో ఏడాది చివరికి 17 వేలు. గ్రాఫు గీసి, మూడేళ్లలో మొత్తం ఎంత వచ్చిందో, అందులో తొలి ఏడాది వాటా ఎంతో కట్టమనండి. దాన్ని ఆసక్తిగా చేసి, ‘ధర సగానికి పడితే ఏంటి?’ అని వాడే అడిగితే ఈ చదువు వాడికి సరిపోతుంది.

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లలో కాకినాడ పెట్రోలియం ముందు పెట్టండి, దాని తర్వాత ప్రభుత్వ కాలేజీల్లో కెమికల్, మెకానికల్. ఆఫర్ లెటర్లు చూపించిన ప్రైవేటు పెట్రోలియం కాలేజీలు వాటి తర్వాతే.