నాన్నగారి హరికథలను ఎక్కడ దాచాలి?

ప్రశ్న: మా నాన్నగారు హరికథా భాగవతారు. ఆయన కథలున్న 140 క్యాసెట్లనూ, మా పిల్లల పెళ్ళిళ్ల 22 మినీ డీవీ వీడియో టేపులనూ నిరుడు కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఫోటోలతో కలిపి 460 జీబీ అయింది. అన్నీ మా హాల్లో ఉన్న డెస్క్‌టాప్‌లోనే ఉన్నాయి. క్లౌడ్ (ఇంటర్నెట్‌లో దాచుకునే అద్దె చోటు) కొనమని డాలస్‌లో ఉన్న మా అబ్బాయి అంటాడు. నెలనెలా డబ్బు కట్టడమెందుకు, ఇంటి కంప్యూటర్‌నే సర్వర్‌గా మారిస్తే ఎక్కడినుంచైనా చూసుకోవచ్చని మా అక్క మనవడు అంటాడు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే, ఇద్దరం డెబ్బై దాటినవాళ్లం. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది "డెస్క్‌టాప్‌లోనే ఉన్నాయి" అన్న మాట. ముందుగా 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు ఒకటి తెప్పించి, మొత్తం దానిలోకి కాపీ చేయించి, కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టండి. క్లౌడా, ఇంటి సర్వరా అన్న చర్చ సంక్రాంతి దాకా సాగినా నష్టం లేదు గాని, ఉన్న ఒక్క డిస్కు అప్పటిదాకా పనిచేస్తుందని చెప్పగలవారెవరూ లేరు.

ఇక అసలు విషయానికి వస్తే, మీ అబ్బాయీ మనవడూ కూడా ఈ 460 జీబీని ఒకే మూటగా చూస్తున్నారని నాకనిపిస్తోంది. మూట విప్పి చూద్దాం. మినీ డీవీ టేపు గంటకు 13 జీబీ పడుతుంది కాబట్టి, గంట చొప్పున 22 టేపులకు 286 జీబీ. క్యాసెట్‌ను శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ ఫైలుగా ఎక్కిస్తే నిమిషానికి 10 ఎంబీ, అంటే గంట క్యాసెట్‌కు 600 ఎంబీ చొప్పున 140 క్యాసెట్లకు 84 జీబీ. మిగిలిన 90 జీబీ ఫోటోలై ఉండాలి. పెళ్ళి టేపులకైతే వియ్యాలవారి ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో మరో ప్రతి దొరికినా దొరకవచ్చు. చోటు తక్కువ తీసుకుంటున్న ఆ 84 జీబీ మాత్రం పోతే మళ్లీ రాదు. క్యాసెట్ల రిబ్బను ఇప్పటికే బూజు పట్టి ఉంటే రెండోసారి ఎక్కించడం కూడా కుదరకపోవచ్చు.

మనవడు చెప్పిన పద్ధతి మంచిదే. ప్లెక్స్, జెల్లీఫిన్ వంటి ప్రోగ్రాములు ఇంటి కంప్యూటర్‌లోని వీడియోలను టీవీలోనూ ఫోనులోనూ చక్కగా చూపిస్తాయి. అయితే డాలస్‌లో రాత్రి ఎనిమిదింటికి మీ అబ్బాయి తాతగారి కథ వినాలనుకుంటే, అక్కడ వేసవికాలమైతే తెనాలిలో అప్పుడు ఉదయం ఆరున్నర. ఆ వేళకు మీ కంప్యూటరూ, రౌటరూ, బ్రాడ్‌బ్యాండూ మూడూ పనిచేస్తూ ఉండాలి. 70 వాట్లు తాగే డెస్క్‌టాప్‌ను రాత్రింబవళ్లు నడిపితే నెలకు 50 యూనిట్లు అవుతుంది. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా మూడు వందలు, అది కూడా మిమ్మల్ని పై శ్లాబులోకి నెట్టకపోతే. కాబట్టి ఇంటి సర్వర్ ఉచితమన్న మాట పూర్తి నిజం కాదు.

అంతకన్నా పెద్ద చిక్కు, అది ఆగిపోయిన రోజున ఎవరు చూస్తారన్నది. నేనూ ఇంట్లో ఇలాంటి ఏర్పాటే పెట్టుకుని, ఒకసారి విజయవాడలో పెళ్ళికి వెళ్లి, పెద్దవాళ్లకు పాత ఆల్బమ్ చూపిద్దామని టీవీ ముందు అందరినీ కూర్చోబెట్టాను. అంతకుముందు రాత్రి మా వీధిలో కరెంటు పోయి వచ్చింది. రౌటరు తనంతట తాను లేచింది, కంప్యూటర్ లేవలేదు. తాళం చెవి మా పక్కింటావిడ దగ్గర ఉండబట్టి, ఆవిడను ఫోనులోనే గది దాకా నడిపించి, బల్ల కిందికి వంగమని బతిమాలి, ఆ గుండ్రటి మీట నొక్కించేసరికి చూడవలసినవాళ్లు భోజనాలకు లేచిపోయారు. కరెంటు రాగానే కంప్యూటర్ దానంతట అదే ఆన్ అయ్యే ఏర్పాటు బయోస్‌లో (కంప్యూటర్ లేచేటప్పుడు ముందుగా నడిచే ప్రోగ్రాములో) ఉంటుందని తెలిసి కూడా పెట్టని తప్పు నాది. మీ మనవడు ఏడాదికి ఎన్నిసార్లు తెనాలి వస్తాడో ఆలోచించుకోండి. అందుకే మీ ఇంటికి సర్వర్ వద్దని నా అభిప్రాయం. హాల్లోని టీవీలో మీరిద్దరూ చూసుకోవడం వరకు పెట్టుకుంటే అభ్యంతరం లేదు.

క్లౌడ్‌కైనా అంతా ఎక్కించనక్కరలేదు. వేవ్ ఫైళ్లను ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి మార్పిస్తే, శబ్దంలో పిసరంత కూడా పోకుండా పరిమాణం దాదాపు సగమవుతుంది. పెళ్ళి వీడియోలను బాగా కుదించే హెచ్.264 పద్ధతిలోకి మార్పిస్తే గంటకు 2 జీబీ చాలు. కొంత నాణ్యత తగ్గినా ఫోనులో చూసేవారికి తేడా తెలియదు. అప్పుడు కథలకు 42, పెళ్ళిళ్లకు 44, ఫోటోలకు 90 కలిపి 176 జీబీ అవుతుంది, అంటే గూగుల్ వంటివారి 200 జీబీ క్లౌడ్ పథకంలో ప్రస్తుతానికి ఒదుగుతుంది. అసలు డీవీ ఫైళ్లు మాత్రం చెరిపేయకుండా రెండు డిస్కుల్లో ఉంచి, ఒకటి మీ దగ్గర, ఒకటి అక్కగారింట్లో పెట్టండి. ఎక్కించేటప్పుడు హరికథలనే ముందు ఎక్కించండి. మీ బ్రాడ్‌బ్యాండ్ అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అయినా ఆ 42 జీబీ సుమారు తొమ్మిదిన్నర గంటల్లో, ఒక్క రాత్రిలో వెళ్లిపోతుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, డెస్క్‌టాప్ ఫోల్డరును క్లౌడ్‌తో సింక్‌లో పెడితే, ఇక్కడ పొరపాటున చెరిపింది అక్కడా చెరిగిపోతుంది, కాబట్టి సింక్ కాకుండా విడిగా అప్‌లోడ్ చేయించండి. రెండోది ఖాతా సంగతి. గూగుల్ రెండేళ్లపాటు వాడకుండా వదిలేసిన ఖాతాలను తొలగించవచ్చు. డబ్బు కట్టడం ఆగి, ఉచితంగా ఇచ్చే 15 జీబీకి మించి రెండేళ్లు ఉండిపోతే దాచినవాటిని తీసేయవచ్చు. చెల్లించే కార్డు గడువు తీరిన విషయం చాలామందికి నెలల తరువాత గాని తెలియదు. ఖాతా వాడకం ఆగిపోతే ఎవరికి అందాలో ముందే రాసిపెట్టుకునే వీలు గూగుల్ సెట్టింగుల్లో ఉంది, అక్కడ మీ అబ్బాయి పేరు చేర్చండి.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లో జెల్లీఫిన్ పెట్టాను. మా టీవీలో బాగా వస్తోంది గాని, హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంటినుంచి తెరుచుకోవడం లేదు. బయటినుంచి లోపలికి దారి (పోర్టు) తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ కూడా రౌటర్‌లో చేశాను.
– ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: ముందుగా మీ రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు చిరునామా) అన్న చోట ఏ అంకె ఉందో చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, మీ ఇంటర్నెట్ కంపెనీ మిమ్మల్ని సీజీన్యాట్ అనే ఏర్పాటు వెనుక పెట్టిందన్నమాట. అందులో ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి కాబట్టి, బయటినుంచి వచ్చిన పిలుపు ఫ్లాట్ నంబరు లేని ఉత్తరంలా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే ఆగిపోతుంది. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా ప్రయోజనం ఉండదు.

రుసుము కట్టి స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఉండే, మారని చిరునామా) తీసుకోవచ్చు, కానీ దొరికినా ఆ పోర్టు తెరవవద్దనే నేను చెబుతాను. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లను బందీ చేసి డబ్బు గుంజే ప్రోగ్రాము), ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచిన క్యూన్యాప్ కంపెనీ నిల్వ పెట్టెల్లోకి చొరబడి ఫైళ్లకు తాళం వేసింది. ప్లెక్స్‌కు మారదామన్నా, 2025 ఏప్రిల్ 29 నుంచి బయటినుంచి సొంత వీడియోలు చూడటానికి అది డబ్బు అడుగుతోంది. మీ ల్యాప్‌టాప్‌లోనూ, చెల్లెలి ఇంట్లో చూసే పరికరంలోనూ టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రాము వేసి, ఒకే ఖాతాతో తెరిస్తే, పోర్టులేవీ తెరవకుండానే రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్లు కలుస్తాయి. ఆ తరువాత జెల్లీఫిన్ యాప్‌లో టెయిల్‌స్కేల్ ఇచ్చిన చిరునామా, దాని పక్కన పోర్టు 8096 కొడితే చాలు. ఆండ్రాయిడ్ టీవీకి, ఆపిల్ టీవీకి టెయిల్‌స్కేల్ యాప్ ఉంది. మీ చెల్లెలిగారి టీవీ ఆ రెండూ కాకపోతే మాత్రం, ఒక ఆండ్రాయిడ్ టీవీ పెట్టె కొనేదాకా ఆవిడ ఫోనులోనే చూడవలసి ఉంటుంది.