టెక్ సందేహాలు: సూపర్‌హీరో గేమ్ కొనేముందు ఏం చూడాలి?

ప్రశ్న: ట్రైలర్లు చూసి రెండు సూపర్‌హీరో గేమ్స్ కొన్నాను. గ్రాఫిక్స్ అదిరిపోయాయి కానీ, పది గంటలు ఆడేసరికి రెండూ బోర్ కొట్టేశాయి. మంచి సూపర్‌హీరో గేమ్‌ని ముందే గుర్తుపట్టడం ఎలా?

జవాబు: కొట్లాటలు, కథ అన్నీ కాసేపు పక్కన పెట్టండి. ఏ పనీ లేకుండా ఆ హీరోని ఊరికే అటూ ఇటూ తిప్పుతుంటే మీకు సరదాగా ఉందా? నేనైతే మొదట చూసేది ఇదే. తిరగడమే విసుగనిపిస్తే, ఎంత గొప్ప గ్రాఫిక్స్ ఉన్నా ఆ గేమ్ నాలుగు రోజుల ముచ్చటే.

2004లో ట్రేయార్క్ స్టూడియో చేసిన స్పైడర్‌మ్యాన్ 2 నాకు ఇప్పటికీ కొలబద్ద. అంతకుముందు స్పైడర్‌మ్యాన్ గేమ్స్‌లో సాలెదారం పైకి ఎగిరి ఆకాశంలో ఎక్కడో అతుక్కునేది. ఇందులో మాత్రం అది నిజంగా ఓ భవనాన్ని పట్టుకోవాలి. ఊగుతూ కిందికి దిగేటప్పుడు వేగం పెరుగుతుంది. పైకి లేచే క్షణంలో దారం వదిలితే గాల్లో దూసుకుపోతాం. ఒక్క క్షణం ఆలస్యమైతే ఎదురు గోడకు గుద్దుకుంటాం. మొదటి గంటంతా గోడలకు గుద్దుకోవడమే సరిపోతుంది. ఆ తర్వాత వేళ్లకు లయ చిక్కుతుంది చూడండి, అప్పుడిక మిషన్లు గుర్తుకురావు. 2018లో ఇన్‌సామ్నియాక్ చేసిన మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్ ఆ ఊగడాన్ని బాగా తేలిక చేసింది. అయినా దారానికి పట్టు దొరకాలన్న నియమాన్ని వదల్లేదు. అందుకే ఆ గేమ్‌లో ఫాస్ట్ ట్రావెల్ (దారంతా వెళ్లకుండా మ్యాప్‌లో ఎంచుకున్న చోటికి నేరుగా చేరడం) ఉన్నా చాలామంది ఊగుకుంటూనే వెళ్తారు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ 1999లో నింటెండో 64 అనే గేమ్ కన్సోల్‌కి వచ్చిన సూపర్‌మ్యాన్. ఆకాశమంతా తనదైన మనిషి చేత గాల్లో వేలాడే రింగుల్లోంచి దూరే పని చేయించారు. చుట్టూ పొగమంచు, పైగా మొండికేసే కంట్రోల్స్. శక్తి ఉంది కానీ స్వేచ్ఛ లేదు.

రెండోది, హీరోకి దేనివల్ల భయం? సూపర్‌మ్యాన్‌తో గేమ్ చేయడం కష్టమయ్యేది ఇక్కడే. తగలని దెబ్బకి టెన్షన్ ఎక్కడిది? 2006లో వచ్చిన సూపర్‌మ్యాన్ రిటర్న్స్ గేమ్‌లో దీనికి చక్కని ఉపాయం వేశారు. ప్రాణం ఎంత మిగిలిందో చూపే హెల్త్ బార్ హీరోకి కాకుండా నగరానికి పెట్టారు. అతనికి ఏమీ కాదు, కానీ ఊరు కూలిపోతే ఆట అయిపోతుంది. గేమ్ అంత గొప్పగా రాలేదు గానీ, ఆ ఆలోచన మాత్రం చాలా సరైనది.

ఈ భయం సంగతి బాగా తెలిసిన గేమ్ బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ అసైలమ్. రాక్‌స్టెడీ స్టూడియో 2009లో తెచ్చింది. తుపాకులున్న గదిలో మీరు ఎదురుగా వెళ్తే క్షణాల్లో చస్తారు. అందుకని పైన రాతి బొమ్మల మీద నక్కి కూర్చుంటారు. ఒక్కొక్కణ్ని నిశ్శబ్దంగా పడగొడుతుంటే, మిగిలినవాళ్లు వణికిపోతూ చీకట్లోకి కాల్చడం మొదలుపెడతారు. శత్రువుల వివరాలు చూపే డిటెక్టివ్ మోడ్ ఆన్ చేస్తే వాళ్ల గుండె వేగం కూడా స్క్రీన్ మీద కనిపిస్తుంది. మీ భయం వాళ్లకి బదిలీ అవుతోందని అంకెల్లో చూపిస్తున్నారన్నమాట! బ్యాట్‌మ్యాన్ అంటే ఏమిటో ఒక్క డైలాగ్ లేకుండా చెప్పేశారు.

అదే స్టూడియో 2024లో సూసైడ్ స్క్వాడ్ గేమ్ తెచ్చింది. నలుగురు పాత్రలు, నలుగురి చేతుల్లోనూ తుపాకులే. భారీ ఒంటితో సొరచేపలా ఉండే కింగ్ షార్క్ కూడా ఆగి గన్ లోడ్ చేసుకుంటుంటే నాకు బాధేసింది. హీరోని మార్చినా ఆట మారకపోతే అది డ్రెస్ మార్చడమే. 2005 నాటి హల్క్ గేమ్ అల్టిమేట్ డిస్ట్రక్షన్‌లో కారుని రెండుగా చీల్చి, ఆ ముక్కల్నే చేతులకి తొడుక్కుని బాదేవాళ్లం. ఆ పని హల్క్ తప్ప ఇంకెవరూ చేయలేరు కదా.

కాబట్టి ఈసారి ట్రైలర్ వదిలేసి, గేమ్ మధ్యలోంచి ఓ ఇరవై నిమిషాల ఆట వీడియో చూడండి. హీరో ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా వెళ్తున్నాడో గమనించండి. పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొంటే 14 రోజుల లోపు, 2 గంటలకు మించి ఆడకుండా ఉంటే రిఫండ్ అడగొచ్చు. ఆ 2 గంటల్లో కాసేపు మిషన్లు ఆపేసి ఊరికే తిరగండి. నెట్ లేకుండా ఆడగలమా లేదా అన్నది కూడా చూసుకోండి. ఆన్‌లైన్ మీద ఆధారపడే గేమ్‌ని కంపెనీ ఎప్పుడైనా వదిలేయొచ్చు: 2020లో వచ్చిన మార్వెల్స్ అవెంజర్స్‌ని 2023 సెప్టెంబరు 30 తర్వాత ఆన్‌లైన్ స్టోర్లలో అమ్మకం నుంచే తీసేశారు.

ప్రశ్న: ఆర్కమ్ అసైలమ్ టీవీలో ఆడుతున్నాను. శత్రువు తల మీద నీలం గుర్తు రాగానే కౌంటర్ బటన్ (దెబ్బని తిప్పికొట్టేది) నొక్కుతున్నా దెబ్బ తగులుతోంది. నా చేతులదే తప్పా?

జవాబు: చాలావరకు టీవీదే అయి ఉంటుంది. బొమ్మని అందంగా చూపించడానికి టీవీ ప్రతి ఫ్రేమ్‌కీ కాస్త సమయం తీసుకుంటుంది. అంటే ఆ నీలం గుర్తు మీ కంటికి చేరేదే ఆలస్యంగా. సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్‌ని గేమ్ మోడ్‌కి మార్చండి. కదలికల్ని నున్నగా చూపించే మోషన్ స్మూతింగ్ లాంటివి ఉంటే ఆపేయండి. రంగులు కొంచెం తగ్గినట్టు అనిపించవచ్చు, కానీ కౌంటర్ పడుతుంది.