బరువు మోసేది గ్రీజులోని నూనె

పాఠకుల ప్రశ్నలు – యంత్రాల శీర్షిక

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం గ్రీజు గురించే ఉన్నాయి. అందుకని మిగిలిన విషయాలను వచ్చే నెలకు ఉంచి, వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: టెక్కలి దగ్గర కంకర క్రషర్‌లో ఫిట్టరుగా పనిచేస్తున్నాను. జా క్రషర్ బేరింగులకూ, లోడరు బకెట్ పిన్నులకూ ఇంతకాలం ఒకే నంబరు 2 గ్రీజు పెడుతున్నాం. పిన్నులు తొందరగా అరిగిపోతున్నాయి. బరువు ఎక్కువ కనుక ఇంకా గట్టిగా ఉండే నంబరు 3 వాడమని షాపులో చెబుతున్నారు. నల్ల గ్రీజు అయితే ఎంత బరువుకైనా ఆగుతుందని మా మేస్త్రీ అంటారు. ఎవరి మాట వినాలి?

జవాబు: షాపులో చెప్పిన మాట సరైనది కాదు. మీ మేస్త్రీగారి మాటలో సగం నిజం ఉంది. డబ్బా మీద కనిపించే నంబరు గ్రీజు ఎంత గట్టిగా ఉందో మాత్రమే చెబుతుంది. 25 డిగ్రీల వేడిలో 60 సార్లు మర్దించిన గ్రీజులోకి ఒక లోహపు శంకువును 5 సెకన్లు వదిలి, అది ఎంత లోతు దిగిందో మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన కొలుస్తారు. 265 నుంచి 295 వరకు దిగితే నంబరు 2, 220 నుంచి 250 వరకు మాత్రమే దిగితే నంబరు 3. గ్రీజు ఎంత బరువు మోయగలదన్నది ఈ కొలతలో ఎక్కడా లేదు.

గ్రీజు అంటే సబ్బు పోగుల మధ్య నిలిచి ఉన్న నూనె. దీపపు వత్తి నూనెను పీల్చుకుని కొద్దికొద్దిగా మంటకు అందించినట్టే, గ్రీజులోని సబ్బు పోగులు నూనెను పట్టుకుని బేరింగుకు అందిస్తాయి. రోలరుకూ దాని దారికీ మధ్య పొరగా నిలిచి బరువు మోసేది ఆ నూనె. కాబట్టి మీరు అడిగి తెలుసుకోవలసినది గ్రీజు గట్టిదనం కాదు, అందులోని నూనె చిక్కదనం, అంటే 40 డిగ్రీల దగ్గర అది ఎన్ని సెంటీస్టోక్స్ అన్నది. ఉదాహరణకు లోపలి వ్యాసం 100, బయటి వ్యాసం 180 మిల్లీమీటర్లు ఉన్న స్ఫెరికల్ రోలర్ బేరింగు నిమిషానికి 250 చుట్లు తిరుగుతోందనుకుందాం. అది నడిచే వేడిలో నూనె చిక్కదనం కనీసం 39 సెంటీస్టోక్స్ దాకా ఉండాలని బేరింగు లెక్క చెబుతుంది. నడిచే వేడి 70 డిగ్రీలైతే, 40 డిగ్రీల దగ్గర 150 ఉన్న నూనె పల్చబడి ఆ 39 అంచు మీద నిలుస్తుంది. మీ క్రషర్‌లో రాయి పడ్డ ప్రతిసారీ దెబ్బ తగులుతుంది కనుక అంచు మీద నిలవడం చాలదు. 220కి తగ్గకుండా, వీలైతే 320 లేదా 460 నూనెతో చేసిన నంబరు 2 గ్రీజు తీసుకోండి.

బకెట్ పిన్నుల సంగతి పూర్తిగా వేరు. పిన్ను గిర్రున తిరగదు, బుష్‌లో కొద్దిగా అటూ ఇటూ కదులుతుంది. వేగం లేనిచోట నూనె పొర ఏర్పడదు కనుక ఎంత చిక్కని నూనె అయినా ఒత్తిడికి పక్కకు జరిగిపోయి, లోహం లోహాన్ని తాకుతుంది. అక్కడ పనిచేసేది మోలిబ్డినం డైసల్ఫైడ్. పేకముక్కల కట్టలా పొరలు పొరలుగా ఉండే ఈ నల్లని పొడి, పొర మీద పొర జారుతూ రెండు లోహాలనూ విడదీస్తుంది. దీన్ని 3 నుంచి 5 శాతం కలిపిన గ్రీజును పిన్నులకు పెట్టండి. మేస్త్రీగారు చెప్పిన నల్లదనం ఇదే. అయితే రంగు కోసం నల్లగా చేసిన గ్రీజులూ బజారులో దొరుకుతాయి కనుక గ్రీజు రంగును నమ్మకుండా, అందులో ఏముందో కంపెనీ రాసి ఇచ్చే డేటా షీటు అడగండి. వేగంగా తిరిగే మోటారు బేరింగులకు మాత్రం ఈ నల్ల గ్రీజు పెట్టకండి. అక్కడ రోలర్లు దొర్లడం మాని జారే ప్రమాదం ఉంది.

ప్రశ్న: బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో చిన్న గ్రీజు తయారీ యూనిట్ పెట్టాలనుకుంటున్నాం. చుట్టుపక్కల జూట్ మిల్లులు, ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారాలు, రైసు మిల్లులు ఉన్నాయి కనుక బరువైన పనికి వాడే గ్రీజు అమ్ముడుపోతుందన్న నమ్మకం ఉంది. తయారీ సూత్రం, జాగ్రత్తలు వివరంగా చెప్పగలరా?

జవాబు: మొదట లిథియం గ్రీజుతో మొదలుపెట్టండి. దాని మూలం మన ఆముదంలోనే ఉంది. మన పెద్దలు గడ్డి మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో పోసి, బండి కింద వేలాడదీసుకుని ఇరుసుకు రాసేవారు. ఆ కందెనలో చిక్కదనాన్ని ఆముదం ఇస్తే, లోహాల మధ్య నిలిచే పని మసి చేసేది. ఇప్పటి గ్రీజులోనూ ఆ పనుల విభజనే ఉంది. ఆముదానికి హైడ్రోజన్ పట్టించి, దాని నుంచి 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం తీస్తారు. లిథియం గ్రీజులో సబ్బుకు అదే ముడిసరుకు. అమెరికాలో క్లారెన్స్ ఎర్ల్ లిథియం గ్రీజుకు 1942లో పేటెంటు పొందినప్పటి నుంచి ఇది ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా వాడే గ్రీజుగా ఎదిగింది.

100 కిలోల నంబరు 2 గ్రీజుకు సుమారు 8 కిలోల ఆమ్లం లెక్క వేసుకోవచ్చు. దానికి సరిపడే లిథియం హైడ్రాక్సైడ్ మోనోహైడ్రేట్ 1.12 కిలోలు. చివర్లో కొంచెం క్షారం మిగిలి ఉండడం మంచిది కనుక 1.15 వేయండి. ఆమ్లం మిగిలిపోతే గ్రీజు మెత్తబడుతుంది. నూనె విషయంలో తొందరపడకండి, బరువు మోసే పని అంతా దానిదే. బజారులో దొరికే 500 రకం బేస్ ఆయిల్ (రసాయనాలు కలపని మూల నూనె) 40 డిగ్రీల దగ్గర సుమారు 95 నుంచి 100 సెంటీస్టోక్స్, బ్రైట్ స్టాక్ అనే చిక్కని మూల నూనె 480 నుంచి 500 వరకు ఉంటాయి. రెండూ సగం సగం కలిపితే 200 దగ్గరకు వస్తుంది. బరువైన పనికి బ్రైట్ స్టాక్ వంతు పెంచండి, ఇంకా పైకి పోవాలంటే పాలీఐసోబ్యుటిలీన్ కలపండి. అది చిక్కదనంతో పాటు జిగురునూ ఇస్తుంది కనుక తెరిచి ఉండే గేరు పళ్ళ మీద గ్రీజు చెదిరిపోకుండా అతుక్కుని ఉంటుంది.

మొత్తం నూనెలో సగానికి కొంచెం తక్కువ భాగాన్ని పాత్రలోకి తీసుకుని, ఆమ్లాన్ని అందులో కరిగించి, 85–90 డిగ్రీల దగ్గర, ఐదింతల వేడినీటిలో కరిగించిన లిథియం హైడ్రాక్సైడ్‌ను నెమ్మదిగా పోయాలి. ఇక్కడి నుంచి పాత్ర దగ్గర నుంచి కదలకండి. నీరు ఆవిరయ్యే దశలో సబ్బు నురగ కట్టి, పెనంలో బెల్లం పాకం పొంగినట్టు ఒక్కసారిగా పైకి లేస్తుంది. బెల్లం వండేవారు ఒక నూనె చుక్కతో పొంగును దించినట్టు ఇక్కడ సిలికోన్ చుక్కలు వాడతారు. అయినా పాత్రను సగానికి మించి నింపకపోవడమే అసలు రక్ష. నీరంతా పోయాక వేడిని 200 డిగ్రీల వరకు తీసుకువెళితే సబ్బు నూనెలో కరిగి మిశ్రమం పారదర్శకంగా, పల్చగా మారుతుంది. అప్పుడు మిగిలిన చల్లని నూనె పోస్తూ చల్లారుస్తారు. సబ్బు పోగులు అల్లుకునేది ఈ చల్లారే సమయంలోనే, గ్రీజు బాగోగులు తేలేది కూడా ఇక్కడే. తరువాత మిల్లులో ఆడించి, గాలి తీసేయాలి. 200 డిగ్రీలంటే నూనె అంటుకునే వేడికి చాలా దగ్గర కనుక పాత్ర కింద నేరుగా మంట పెట్టే ఆలోచన చేయకండి. కాచిన నూనెను పాత్ర చుట్టూ తిప్పి వేడినిచ్చే థర్మిక్ ఫ్లూయిడ్ హీటరు ఖర్చుకు వెనుకాడవద్దు. లిథియం హైడ్రాక్సైడ్ దుమ్ము కళ్ళనూ ఊపిరినీ కాలుస్తుంది. దాన్ని తూచే మనిషికి ముఖానికి కవచం, చేతులకు తొడుగులు తప్పనిసరి.

బరువు కోసం కలిపే సల్ఫర్–ఫాస్ఫరస్ రసాయనాలను 80 డిగ్రీల కిందికి చల్లారాకే వేయాలి. లేకపోతే అవి పాత్రలోనే విరిగిపోతాయి. ఇవి పనిచేసే తీరు తెలుసుకుంటే మోతాదు మీద మీకే పట్టు వస్తుంది. నూనె పొర తెగి రెండు ఉక్కు ముఖాలు తాకినచోట, క్షణకాలం పుట్టే తీవ్రమైన వేడికి సల్ఫర్ ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ పొరగా మారుతుంది. ఆ పొర తేలికగా తెగిపోతూ లోహాలు వెల్డు కాకుండా ఆపుతుంది. అంటే యంత్రాన్ని కాపాడడానికి మనమే కొద్దిపాటి తుప్పును అనుమతిస్తున్నాం. మోతాదు మించితే ఆ తుప్పే బేరింగును తింటుంది, కంచు వార్మ్ వీలును నల్లబరుస్తుంది. మొత్తం 3 నుంచి 4 శాతంతో మొదలుపెట్టి, రాగి రేకు పరీక్ష (గ్రీజులో ఉంచిన రాగి రేకు నల్లబడుతుందా అన్నది) చూస్తూ సర్దుకోండి. ఒకప్పుడు ఈ పనికి సీసం నాఫ్తనేట్ వాడేవారు. అది విషం కనుక ఎవరు చవకగా ఇస్తామన్నా ఆ దారికి పోవద్దు.

ఫలితాన్ని నాలుగు గోళీల పరీక్షలో చూస్తారు. 12.7 మిల్లీమీటర్ల ఉక్కు గోళీలు మూడింటిని గ్రీజు నింపిన గిన్నెలో కదలకుండా బిగించి, వాటి మీద నాలుగో గోళీని నిమిషానికి సుమారు 1770 చుట్లు తిప్పుతూ, 10 సెకన్ల చొప్పున బరువు పెంచుకుంటూ పోతారు. గోళీలు ఒకదానికొకటి అతుక్కుపోయిన బరువే వెల్డు లోడు. మామూలు లిథియం గ్రీజు 160 కిలోల లోపే ఆగిపోతుంది. బరువైన పనికి 250 లేదా 315, మోలిబ్డినం ఉన్నదానికి 400 కిలోల స్థాయి అడుగుతారు. ఈ ఒక్క అంకె పట్టుకుని పోటీ పడకండి. దానితో పాటు తక్కువ బరువు మీద గంటసేపు నడిపినప్పుడు గోళీ మీద పడే అరుగుడు మచ్చ కూడా చిన్నదిగా ఉండాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 7623ను దగ్గర పెట్టుకుని, ప్రతి బ్యాచ్ నమూనా దాచి ఉంచండి.

లిథియం సబ్బు సుమారు 190 డిగ్రీల దగ్గర కరిగి కారుతుంది. అలాగని ఆ వేడిలో వాడవచ్చని కాదు, ఎడతెగని పనికి 120 దాటకపోవడం మంచిది. ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసుల దగ్గర అంతకు మించి కావాలంటే రెండు ఆమ్లాలతో సబ్బు చేసే లిథియం కాంప్లెక్స్ గ్రీజుకు వెళ్ళాలి. అందులో రెండో ఆమ్లంగా వాడే సెబాసిక్ ఆమ్లం కూడా ఆముదం బిడ్డే. నీరు, ఉప్పుగాలి ఎక్కువైన చోట్లకు కాల్షియం సల్ఫోనేట్ కాంప్లెక్స్ నాకు ఇష్టమైన గ్రీజు. రసాయనాలు ఎక్కువగా కలపకుండానే అది బరువు మోస్తుంది, తుప్పును అడ్డుకుంటుంది. కాని దాని వంట కష్టమైనది, ఖర్చూ ఎక్కువ. లిథియంలో రెండేళ్ళు చేయి తిరిగాక ఆలోచించండి.

ప్రశ్న: రాజాం ప్రాంతంలో ఒక మిల్లులో గ్రీజు పెట్టే పని నాది. కొత్త కంపెనీ గ్రీజు వచ్చింది. పాతదాని మీదే కొట్టేయవచ్చా? ఒక్కో బేరింగుకు ఎంత పెట్టాలి?

జవాబు: అడిగి చేస్తున్నారు, అందుకు సంతోషం. నేను అడగకుండా చేసి నష్టపోయాను. చాలా ఏళ్ళ క్రితం ఒక చక్కెర మిల్లులో చెరకు ఆడే రోజులవి. స్టోర్సులో లిథియం గ్రీజు అయిపోయిందని, వేడికి ఇంకా బాగా ఆగుతుందన్న నమ్మకంతో బంకమట్టి ఆధారంగా చేసిన గ్రీజును పాతదాని మీదే కొట్టించాను. మూడో రాత్రి ప్లమర్ బ్లాకు (బేరింగును పట్టి ఉంచే దిమ్మ) సీలు నుంచి గోధుమరంగు నీరు కారుతోందని ఫిట్టరు వచ్చి పిలిచాడు. మూత విప్పితే లోపల గ్రీజు లేదు, చల్లలా పల్చటి ద్రవం ఉంది. వేలు పెట్టి తీస్తే నిలవకుండా జారిపోయింది. రోలర్లు నీలి రంగుకు తిరిగాయి. రెండు గ్రీజులూ విడివిడిగా మంచివే. కలిసినప్పుడు ఒకదాని అల్లికను మరొకటి విప్పేసింది. లిథియంతో బంకమట్టి గ్రీజు కలవదు, పాలీయూరియా కూడా చాలావరకు కలవదు. లిథియం, లిథియం కాంప్లెక్స్ సాధారణంగా కలుస్తాయి. కొత్త డబ్బా మీద సబ్బు రకం చూసి, అదే అయితే కొట్టండి. వేరైతే బేరింగు విప్పి, కడిగి, కొత్తది నింపండి.

కొలతకు తేలికైన సూత్రం ఉంది. బయటి వ్యాసాన్ని వెడల్పుతో గుణించి, దాన్ని 0.005తో గుణిస్తే మళ్ళీ పెట్టవలసిన గ్రాములు వస్తాయి. వ్యాసం 180, వెడల్పు 46 మిల్లీమీటర్లు ఉంటే 41 గ్రాములు. మీ గ్రీజు గన్‌ను పది సార్లు నొక్కి, వచ్చినదాన్ని త్రాసులో తూచండి. ఒక నొక్కుకు ఎన్ని గ్రాములో తెలిస్తే ఆ బేరింగుకు ఎన్ని నొక్కులో తేలుతుంది. వేగంగా తిరిగే బేరింగు గూడులో (హౌసింగులో) ఖాళీ జాగా మూడో వంతు నుంచి సగం దాకా నిండితే చాలు. నిండా కూరితే గ్రీజు చిలికినట్టయి వేడెక్కుతుంది.

ప్రశ్న: మాది బెల్లం గానుగ. మూడు రోళ్ళ యంత్రం, పైన గేర్లు తెరిచే ఉంటాయి. గ్రీజు రసంలో పడుతుందేమోనని భయంగా ఉంది. వంటనూనె రాస్తే సరిపోదా?

జవాబు: మీ భయం న్యాయమైనది. కాని వంటనూనె ఆ గేరు బరువుకు ఆగదు, నాలుగు రోజుల్లో జిగటగా మారి చెరకు పిప్పిని పట్టుకుంటుంది. పొరపాటున చాలా కొద్దిగా తిండిలో కలిసినా హాని లేని పదార్థాలతో చేసిన ఆహార తరగతి గ్రీజులు హెచ్1 గుర్తుతో దొరుకుతాయి. వాటిలో కాల్షియం సల్ఫోనేట్ కాంప్లెక్స్ రకం అడగండి, రసం తడికి కొట్టుకుపోదు. మోలిబ్డినం, గ్రాఫైట్ కలిసిన నల్ల గ్రీజు రోళ్ళ దగ్గరకు రానివ్వకండి. గేర్ల కింద ఒక రేకు తొట్టి బిగించి, కారినది అందులో పడేలా చేయండి. రోజూ సాయంత్రం యంత్రం ఆగాక ఆ తొట్టిని తుడిచి, పళ్ళ మీద కుంచెతో పలుచగా రాసి, మర్నాడు మొదటి చెరకు పెట్టే ముందు ఒకసారి ఖాళీగా తిప్పండి.