స్వెట్టర్ల అక్క, మా బజారు, నేను రాసిన అర్జీ

"ఊళ్ళోవాళ్ళకే పనులు లేని రోజుల్లో శరణార్థులు వస్తే జనం ఆదరిస్తారా, తరిమేస్తారా? మీరు కళ్ళారా చూసిందేమిటి?" అని అడిగారు.

రెండూ చేస్తారండి. ఒకే వారంలో రెండూ చేస్తారు. మావాళ్ళు చేశారు, అందులో నా వాటా కాస్త ఎక్కువే.

మాది విజయవాడ. నాన్నకి బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద కొట్టు. కొట్టంటే గోడా తలుపూ కాదు, ఒక మడత బల్ల, పైన నీలం పట్టా. కర్చీఫులు, బనీన్లు, టవళ్ళు. కార్తీకం వచ్చిందంటే వస్త్రలతలో హోల్‌సేల్‌గా తెచ్చిన మఫ్లర్లు, మంకీ క్యాపులు. బెజవాడలో చలేంటి అని నవ్వేవాళ్ళు డిసెంబరులో తెల్లవారుజామున బ్యారేజీ మీద బండి నడిపి చూడండి. పాలవాళ్ళు, పేపరు కుర్రాళ్ళు, శబరిమల వెళ్ళే స్వాములు, వీళ్ళే మా గిరాకీ. తర్వాత హాస్టల్ పిల్లలు. 5 గంటలకే స్టడీ అవర్ అని లేపి కూర్చోబెడతారు కదా, పాపం వాళ్ళు మఫ్లర్ చుట్టుకుని పుస్తకం ముందు కూర్చునే నిద్రపోతారు. అందుకు లక్షల్లో ఫీజులు. సరే, ఆ గోల ఇప్పుడెందుకు.

2016 మాకు మొదటినుంచీ కలిసిరాలేదు. ఆగస్టులో కృష్ణా పుష్కరాలని రోడ్లు వెడల్పు చేశారు, మమ్మల్ని బల్లలు తీయమన్నారు. 12 రోజుల పుష్కరాలకి మేము నెలకు పైగా ఇంట్లో కూర్చున్నాం. రాజధాని వచ్చిందని ఇళ్ళ అద్దెలు పెరిగాయి. వ్యాపారం పెరిగిందా అంటే, పెరిగినవాళ్ళకి పెరిగింది. అప్పటికి ఏడాది కిందటే కాల్‌మనీ గొడవ, అంటే అడ్డగోలు వడ్డీ అప్పుల గొడవ, బయటపడి పేపర్ల నిండా వచ్చింది కానీ, ఫుట్‌పాత్ మీద రోజువారీ వడ్డీ ఎప్పుడూ ఆగలేదు. చేతికి 9000 ఇస్తారు, రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వాన పడినా, బంద్ అయినా సాయంత్రానికి ఆ 100 ఉండాల్సిందే.

అక్టోబరు ఆఖర్లో, ఎప్పటిలాగే, స్వెట్టర్ల వాళ్ళు దిగారు.

వీళ్ళు టిబెట్ కాందిశీకులు. మా బజారులో చాలామంది నేపాలీలనుకుంటారు. దలైలామా 1959లో ఇండియాకి వచ్చేశాక ఆయన వెనక వేలమంది వచ్చారు. 1960లో అప్పటి మైసూరు రాష్ట్రం, అంటే ఇప్పటి కర్ణాటక, వాళ్ళకి బైలకుప్పె దగ్గర 3000 ఎకరాల దాకా ఇచ్చింది. అడవి కొట్టుకుని మొక్కజొన్న వేసుకున్నారు. కోత అయిపోయాక పొలంలో పని ఉండదు కాబట్టి లూధియానాలో సరుకెత్తి ఊళ్ళ మీద పడతారు. సరుకు అప్పుగా వస్తుంది, సీజన్ అయ్యాక కట్టాలి. అంటే వాళ్ళదీ మా బతుకే, కాకపోతే వాళ్ళకి వడ్డీవాడు దూరంగా ఉంటాడు.

నేను చెప్పే అక్క వయసు అప్పటికి 50 ఉంటుంది. పొడుగు గౌను మీద చారల ఏప్రాన్, పక్కన వేడినీళ్ళ ఫ్లాస్కు. పుట్టింది బైలకుప్పెలోనే, అయినా చేతిలో ఉన్నది మాత్రం విదేశీయులకి ఇచ్చే రిజిస్ట్రేషన్ పుస్తకం. కన్నడం దంచేస్తుంది, హిందీ వచ్చు, తెలుగులో "ఫిక్స్ రేటు అన్నా", "తగ్గదు అమ్మా" వరకు వచ్చు. ఆ ఫిక్స్ రేటే నాన్నకి అసలు మంట. మా దగ్గర 150 చెబితే 60 నుంచి మొదలుపెట్టే మనుషులు, అక్కడ అట్ట మీద 450 అని రాసుంటే కిక్కురుమనకుండా ఇచ్చి వెళ్ళేవాళ్ళు. బేరం లేని వ్యాపారం ఏం వ్యాపారంరా అనేవాడు.

ఏలూరు రోడ్డు వైపు ఒక ఖాళీ స్థలం అద్దెకి తీసుకుని డజను గుడారాలు వేశారు. నవంబరు మొదటి ఆదివారం రాత్రి మావాళ్ళు టీ బండి దగ్గర మీటింగు పెట్టారు. తీర్మానం ఏంటంటే, బయటివాళ్ళని పంపించేయాలని అధికారులకి అర్జీ ఇవ్వాలి. డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నాతో రాయించారు. "స్థానిక చిరువ్యాపారుల పొట్ట కొడుతున్న" అని నేనే రాశాను. ఆ ముక్క నాకు బాగా నచ్చింది కూడా. 2014లో కేంద్రం టిబెట్ పునరావాస విధానం తెచ్చిందని, అక్క దగ్గరున్నలాంటి రిజిస్ట్రేషన్ పుస్తకం ఉన్నవాళ్ళు వ్యాపారం చేసుకోవచ్చని నాకు అప్పుడు తెలీదు. తెలిసినా రాసేవాణ్ణే.

31 సంతకాలు పడ్డాయి. పెట్టనన్నది ఇడ్లీ బండి పిన్ని ఒక్కతే. "డజను గుడారాలు, పొద్దున 30 ప్లేట్లు. వాళ్ళని పంపిస్తే ఆ 30 ప్లేట్లు మీరు తింటారా? మీరు తిన్నవాటికే డబ్బులివ్వరు" అంది. చెప్పులు కుట్టే తాత అందుకుని నాన్నని చూపించి, "ఏరా, 77 ఉప్పెనకి దివిసీమ నుంచి కట్టుబట్టలతో వచ్చావుగా, నిన్ను ఈ ఊరు ఉంచుకోలేదా?" అన్నాడు. ఈ మాటతో నాన్న కరిగిపోయాడని రాస్తే బాగుంటుంది. కరగలేదు. "ఎవడుంచుకున్నాడు? గవర్నరుపేటలో అరుగు మీద పడుకుంటే నీళ్ళు పోసి లేపారు" అని సంతకం పెట్టేశాడు.

బుధవారం వెళ్ళి ఇద్దామనుకున్నాం. మంగళవారం, నవంబరు 8 రాత్రి 8 గంటలకి టీవీలో 500, 1000 నోట్లు చెల్లవన్నారు.

ఇక అర్జీ ఎవరికి గుర్తుంటుంది. గురువారం బ్యాంకులు తెరిచేసరికి బజారంతా క్యూలోనే. మనిషికి 4000 దాకా మార్చుకోవచ్చు, గుర్తింపు కార్డు జిరాక్స్ ఇవ్వాలి. అక్క దగ్గర అప్పటిదాకా అమ్మిన డబ్బు అంతా పాత నోట్లే. ఖాతా పాస్‌బుక్కు బైలకుప్పెలో ఇంట్లో ఉంది, పోను రాను మూడు రోజులు. ఇక్కడ మార్చుకుందామంటే కౌంటర్లో ఆయన ఆ రిజిస్ట్రేషన్ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆధార్ తెమ్మని వెనక్కి తోశాడు. నేను ఇద్దరు మనుషుల వెనక ఉన్నాను. ఆమె ఏం మాట్లాడలేదు. పుస్తకం ఏప్రాన్ కిందికి దోపుకుని, క్యూ పక్కన మెట్టు మీద కూర్చుని ఫ్లాస్కు మూత తీసింది.

నేనే వెళ్ళి అడిగాను, మార్చిపెట్టనా అని. నాది 4000, అమ్మది 4000, ఇడ్లీ పిన్నిది 4000. మాకు మార్చుకోవడానికి సొంత నోట్లుంటే కదా. అక్కకి మాత్రం ఒక్కొక్కరికి 300 కమీషన్ ఇవ్వాలని చెప్పాను. ఊళ్ళో 20 శాతం నడుస్తోంది, ఇది చవకే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అమ్మ అడగలేదు, పిన్ని అడగలేదు. 900 నేనే జేబులో వేసుకున్నాను.

లెక్క రాసుకోవడానికి జేబులో కాగితం తీస్తే అది ఆ అర్జీ. వెనకవైపు ఖాళీగా ఉంది కదా అని దాని మీదే పేర్లు, అంకెలు వేశాను. అక్క వంగి చూస్తూ కాగితం తిప్పి, ఇంతమంది సంతకాలు చేశారు, ఇదేంటి అని హిందీలో అడిగింది. కరెంటు బాకీ గురించి అన్నాను. మీకూ ఉన్నాయా ఈ బాధలు అన్నట్టు తల ఊపింది. నాకు చెమటలు పట్టాయి.

ఆ రెండు నెలలూ మా బజారులో చిత్రమైన రోజులు. కొత్త 2000 నోటు పట్టుకుని అందరూ వచ్చేవాళ్ళు, చిల్లర ఎవరి దగ్గరా లేదు. 2000 ఇచ్చి నాన్న దగ్గర 40 రూపాయల కర్చీఫులు ఎవరు కొంటారు? అందుకని జనం ముందు అక్క దగ్గర ఇంటిల్లిపాదికీ స్వెట్టర్లు కొని, మిగిలిన వందలతో మా దగ్గరకి వచ్చేవాళ్ళు. అక్కకి చిల్లర తక్కువైతే నాన్న పంపేవాడు, నాన్నకి సాయంత్రం వడ్డీ 100 తక్కువైతే అక్క ఇచ్చేది. "చెల్లెమ్మా" అని పిలవడం కూడా మొదలుపెట్టాడు, మీటింగులో అందరికన్నా గట్టిగా అరిచిన మనిషి. అర్జీ సంగతి ఇద్దరం మళ్ళీ ఎత్తలేదు.

ప్రేమ పొంగి ఇలా చేశామనుకోకండి. నోట్ల గొడవ ఒక్క వారం ఆలస్యంగా వచ్చుంటే అర్జీ వెళ్ళిపోయేది, గుడారాలు లేచిపోయేవి, నేను ఈ జవాబు ఇంకోలా రాసేవాణ్ణి. నా లెక్కలో శరణార్థుల మీద కోపం నూటికి తొంభై పాళ్ళు జాగా మీద కోపం. ఆ నాలుగు అడుగుల ఫుట్‌పాత్ మాకు ఖాయంగా ఇచ్చి ఉంటే మీటింగే జరిగేది కాదు.

2017లో ఆ స్థలం యజమాని దాన్ని పార్కింగుకి ఇచ్చేశాడు, స్వెట్టర్ల వాళ్ళు దూరంగా వేరే చోటికి పోయారు. మేము కోరుకున్నది అర్జీ లేకుండానే జరిగింది. నాన్న మఫ్లర్లు అంతకు ముందు ఏడాది 9 డజన్లు పోతే, ఆ ఏడాది 6 డజన్లు పోయాయి. ఇడ్లీ పిన్ని నెల రోజులు మాతో మాట్లాడలేదు.

అక్క మాత్రం ఆ డిసెంబరులో ఒకసారి వెతుక్కుంటూ వచ్చింది. పిన్ని దగ్గర ఇడ్లీ తింటూ నోట్ల సంగతి ఎత్తినట్టుంది, కమీషన్ కథ బయటపడింది. నాన్న బల్ల దగ్గర నిలబడి, నన్ను చూసి, వచ్చిన నాలుగు తెలుగు మాటల్లో "బాగున్నావా, కమీషన్ బాబూ?" అని గట్టిగా నవ్వింది. నాన్నకి అర్థం కాలేదు. నేను ఒక నల్ల మఫ్లర్ తీసి మడత పెట్టి ఇస్తే, ఎంత అని అడిగింది. వద్దన్నాను. "ఫిక్స్ రేటు" అని 80 రూపాయలు బల్ల మీద పెట్టి వెళ్ళింది.