విరిగిన కొమ్మ నుంచే వేప బెరడు

ప్రశ్న: మా ఇంటి ముందు వేపకొమ్మ గాలివానకు విరిగింది. చిగుళ్ల వాపుకి దాని బెరడు వాడొచ్చా? – ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: వాడొచ్చండి, పుక్కిలించి ఉమ్మడానికి మాత్రమే. విరిగిన రోజే ఒలవండి. ఎండితే బెరడు కర్రను కరుచుకుంటుంది. పైనున్న గరుకు పెచ్చును చాకుతో గీకేస్తే లోపల నారలాంటి పొర కనిపిస్తుంది, కావాల్సింది అదే. చిన్న ముక్కలు చేసి నీడలో, గాలి తగిలేలా ఆరబెట్టండి. వంగకుండా పుటుక్కున విరగాలి. చెన్నై ఉక్కకి తడి మిగిలితే బూజు పడుతుంది. ఆ వాసనొస్తే పారేయండి.

10 గ్రాములకు 160 మి.లీ. నీళ్లు పోసి, సన్నసెగ మీద 40 మి.లీ. అయ్యేదాకా మరిగించి వడకట్టండి. ఏ పూటకాపూట కాచుకోవాలి. మింగొద్దు, గర్భిణులైతే అసలే వద్దు. చీము, జ్వరం ఉంటే పళ్ల డాక్టరు దగ్గరికే వెళ్లండి.

నిలబడ్డ చెట్టు మాను జోలికి మాత్రం దయచేసి పోకండి. చుట్టూ బెరడు తీస్తే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగదు, చెట్టు నిలువునా ఎండిపోతుంది.